గుద్దితే ఇస్తరు, అరిగితే ఇయ్యరు

పొద్దున లేవగానే లక్ష్మీరాజం మొదట చేసే పని కారు బానెట్ ఎత్తడం. నూనె చూస్తాడు, నీళ్లు చూస్తాడు, బెల్టును వేలితో నొక్కి చూస్తాడు. అన్నీ సక్రమంగా ఉంటే లోపల పొయ్యి దగ్గరున్న భార్య బాగున్నట్టే లెక్క, ఇంక ఆమెను వేరే అడగడు. బోధన్ పక్కన కాలువ కింద వాళ్లకు ఇంత పసుపు, ఇంత వరి ఉంది. పొలం గంగుబాయి చూసుకుంటుంది. కారు లక్ష్మీరాజం కిరాయికి తిప్పుతాడు.

ఏడేళ్ల కింద ఆ పాత కారును కొనితెచ్చిన నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గంగుబాయి పసుపు చేతిని బానెట్ మీద అద్దింది. ఆనాటి నుంచి ఆమెకు దగ్గొస్తే కారు హారన్ బొంగురుపోతుంది. కారుకు పంచరైతే ఆ పూట ఆమె కుంటుతుంది. క్లచ్ ప్లేటు మార్పించిన వారం, ఎన్నాళ్లుగానో పీడిస్తున్న మోకాలి నొప్పి వదిలిపోయింది. ఆమెకు విషజ్వరమొచ్చి దవాఖానాలో సెలైన్ ఎక్కిస్తే, ఇంటి ముందు ఎండిపోయి ఉన్న రేడియేటర్ దానంతట అదే నిండింది. దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. ఒకరింట్లో బర్రె తంతుంది, ఒకరింట్లో కప్పు కురుస్తుంది, లక్ష్మీరాజం ఇంట్లో ఇట్లా. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపులో ఉండే రైతు వెంకటసుబ్బారావు నెలకోసారి బీపీ చూపించుకోవడానికి నిజామాబాద్ పోతాడు. కారు తలుపు తీస్తూనే, "మీ ఆవిడకి ఒంట్లో ఎలా ఉందయ్యా?" అంటాడు. బ్రేకులు సరిగా ఉన్నాయా అని ఆయన అడిగే తీరు అది.

ఈ చలికాలం నుంచి ఆ ప్రశ్నకు లక్ష్మీరాజం నీళ్లు నములుతున్నాడు. నిజామాబాద్‌లో రైల్వే బ్రిడ్జి ఎక్కాలంటే కారు రొప్పుతోంది. వెనక లారీల వాళ్లు తిట్టని తిట్టు లేదు. ఇక్కడ గంగుబాయి పసుపు ఉడికించే కడాయి దగ్గర ఆగి ఆగి ఊపిరి పీల్చుకుంటే గాని ఒక గంప ఎత్తలేకపోతోంది. పెద్ద డాక్టరు పరీక్షలు చేసి, గుండెలో ఒక కవాటం, అంటే వాల్వు, సరిగా మూసుకోవడం లేదన్నాడు. ఇప్పటికిప్పుడు భయం లేదు, ఒకనాటికి ఆపరేషన్ తప్పదు, అందాకా ఆమెకు శ్రమ పెట్టొద్దు అన్నాడు. లక్ష్మీరాజం ఆ రోజే గంపలెత్తడానికి కూలిమనిషిని పెట్టాడు. తన వంతు అయిపోయిందనుకున్నాడు. మెకానిక్ దశరథం కూడా ఇంజన్‌కు చెవి పెట్టి విని, వాల్వులు అరిగాయని తేల్చాడు.

కారు తన పేరున ఎక్కిన ఏడాదే తెల్ల రేషన్ కార్డు పోయింది, సర్కారు ఖర్చుతో ఆపరేషన్ అనే ఆశ దాంతోనే పోయింది. ఇప్పుడేమో కారు బీమా గడువు దగ్గరికొచ్చింది. బడిపంతులుగా దిగిపోయి బీమాలు చేయించే నర్సింలు సారు వచ్చి మంచం మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. చట్టం కట్టమనే చిన్న బీమా ఎట్లాగూ కట్టాలి. దాని మీద కారుకు ఫుల్ బీమా తీసుకుంటారా, గంగుబాయి పేరు మీద ఆరోగ్య బీమా తీసుకుంటారా? పసుపు అమ్మిన డబ్బు ఏదో ఒకదానికే సరిపోతుంది. లక్ష్మీరాజానికి అప్పటి నుంచి అన్నం ముద్ద దిగడం లేదు. కారుకేమన్నా అయితే ఇల్లు గడవదు. ఆమెకేమన్నా అయితే ఇల్లే లేదు.

చివరికి అతనికో ఉపాయం తట్టింది. ఇద్దరిదీ ఒకటే ఒళ్లు కదా, ఒక ఒంటికి రెండు బీమాలు దేనికి?

"సారూ, కారుకు ఫుల్ బీమా చేయిస్త," అన్నాడు. "ఇంజన్ మంచిగైతే గామె గుండె మంచిగైతది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు."

నర్సింలు సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆలోచించాడు. ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. చిక్కు ఇంకోచోట ఉంది.

"నీ సోంచాయింపు మంచిగనే ఉంది రాజం. గని కారు బీమా కత వేరే. గుద్దితే ఇస్తరు, అరిగితే ఇయ్యరు."

"మరి ఆరోగ్య బీమా?"

"గది రోగానికి ఇస్తది. ముందుగాల్నే ఉన్న రోగమైతే మూడేండ్లు ఆగాలె. ఉన్నది దాస్తిమా, అసలుకే మోసం."

మూడేళ్ల మాట దేవుడెరుగు, ఆమె ఈ ఎండాకాలం దాటుతుందో లేదో అని లక్ష్మీరాజానికి లోపల ఒకటే పీకులాట. చాయ్ తెచ్చిన గంగుబాయిని అడిగితే, "నీకేది మంచిగనిపిస్తే గదే చెయ్యి," అంది. ఎద్దులు అమ్మిన నాడూ అదే మాట, కారు కొన్న నాడూ అదే మాట. ఇంటావిడ ఎదురు చెప్పకపోతే నిర్ణయం సరైనదే అనుకునే మగవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. లక్ష్మీరాజం వాళ్లలో ఒకడు. కారుకు ఫుల్ బీమా కట్టేశాడు.

కట్టాక దిగులు ఇంకా పెరిగింది. గ్యారేజీలో బానెట్ ఎత్తిపెట్టి, ఇంజన్ ముందు నిలబడి దశరథంతో గోడు చెప్పుకున్నాడు. దశరథం చేతులు తుడుచుకుని అటూ ఇటూ చూశాడు.

"గుద్దితే ఇస్తరన్నడు గద. కల్వర్టు గోడకు మెల్లగ తాకియ్యి. ముందల భాగం లోపలికి పోతే ఇంజన్ దించుడే. దించినంక వాల్వుల సంగతి నేను జూసుకుంట."

"గామెకు దెబ్బ తాకదానే?"

"ఇంత బొప్పి కడ్తది. గుండె మంచిగైతదంటే బొప్పికి భయపడ్తవా?"

తప్పని తెలుసు. దొరికితే బీమా పోవడమే కాక పరువు పోతుందనీ తెలుసు. అయినా ఆ మాట మనసులోంచి పోలేదు. అన్నం వడ్డించేటప్పుడు ఆమె నుదుటి వైపు చూసి చప్పున తల దించుకునేవాడు. ఆ రోజుల్లోనే గంగుబాయి ఎందుకో ఇల్లంతా సర్దిపెట్టింది. విత్తనం పసుపు ఏ మూల పోసిందో, బర్రె ఎవరు పిండితే చేపుతుందో, కారం ఏ డబ్బాలో ఉందో మొగుడికి చెప్పింది. తన ఆందోళనలో తానున్న లక్ష్మీరాజం అన్నింటికీ ఊ కొట్టాడు.

ఒక పొద్దున బేరం ఉందని అబద్ధమాడి ఒంటరిగా బయల్దేరాడు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ గోడ దాటి, కాలువ కట్ట మీదికి తిప్పాడు. దూరంగా కల్వర్టు కనబడింది. చుట్టూ వరి పొలాలు, మనిషి జాడ లేదు. గోడ దగ్గరపడుతుంటే అతను చక్రం గోడ వైపు తిప్పాడు.

కారు మారు మాట్లాడకుండా తిరిగింది. నెలల తరబడి రొప్పుతున్న ఇంజన్ చడీచప్పుడు లేకుండా నేరుగా గోడ మీదికి పోయింది. ఎటు తిప్పితే అటు, ఎంత తొక్కితే అంత. ఆ లొంగుబాటు తనకు బాగా తెలిసినదేనని లక్ష్మీరాజానికి అప్పుడు స్ఫురించింది. ఏడేళ్లుగా ఇది ఏనాడూ ఎక్కడికని అడగలేదు. అతను రెండు కాళ్లూ బ్రేకు మీద వేసి తొక్కాడు. కారు గోడకు బెత్తెడు దూరంలో ఆగింది.

ఇంటికొచ్చేసరికి గంగుబాయి వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాత చీరను మడతలు పెట్టి నుదురు చుట్టూ మందంగా చుట్టుకుంది. ఆమె ముందర మట్టిలో మడమలు ఈడ్చుకుపోయిన రెండు చాళ్లున్నాయి. మడమల తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది.

"నీకెట్ల ఎరుక?" అన్నాడు లక్ష్మీరాజం.

"బానెట్ ఎత్తి నువ్వు దశరథంతోని మాట్లాడిననాడు నేను ఆడనే ఉంటి గద," అంది గంగుబాయి. "బొప్పే కడ్తదన్నడు గదా అని గుడ్డ సుట్టుకొని, ఊపిరి బిగబట్టుకొని కూసున్న. ఎందుకు ఆపినవ్?"

అతను నీళ్లు తెచ్చి ఆమె కాళ్లు కడిగి, గాయాల మీద పసుపు అద్దాడు. అద్దుతూ అడిగాడు, నిజామాబాద్ బ్రిడ్జి ఎక్కినప్పుడు ఎట్లుంటదని. పెళ్లయ్యాక ఆమెను అతను అట్లాంటిది అడగడం అదే మొదలు.

"ఎట్లుంటది? నిండు గంప నెత్తిన వెట్టుకొని ఎక్కినట్టుంటది," అంది. "మంది ఎక్కువుంటే ఇంకింత బరువుంటది. ఎక్కినంక మంచిగనే ఉంటది."

లక్ష్మీరాజం అక్కడే కూలబడి ఏడ్చాడు. డాక్టరు శ్రమ పెట్టొద్దంటే ఇంట్లో గంప దింపించి, రోజూ జనాన్ని ఎక్కించుకుని ఆమెనే బ్రిడ్జి ఎక్కిస్తున్నాడు. పొలానికి ఆమె, దారికి తను అనుకున్నాడు. ఇన్నేళ్లూ రెండు చోట్లా నడిచింది ఆమే.

ఆ మధ్యాహ్నమే నర్సింలు సారును పిలిపించాడు. ఫుల్ బీమా వద్దన్నాడు, చట్టం కట్టమనేది ఉంచి మిగతాది వాపసు అడగమన్నాడు, ఆరోగ్య బీమా రాయమన్నాడు. గుండె జబ్బు సంగతి దాచకుండా రాయించాడు. తక్కువపడేది పసుపు మార్కెట్లో ఎవరైనా సేటు వ్యాను నడిపి సర్దుతానన్నాడు. సారు రాసుకుంటూ పోయి, ఏం పనిచేస్తుంది అన్న చోట ఇంటిపని అని రాయబోయాడు.

"గట్ల రాయకు సారూ," అన్నాడు లక్ష్మీరాజం. "ఏడేండ్ల సంది దినాం మందిని మోసుకొని బోధన్ నుంచి నిజామాబాద్ పోయొస్తది. గదే రాయి."

నర్సింలు సారు ఆమె మడమల వైపు చూసి, చెప్పినట్టే రాశాడు. కంపెనీ వాళ్లు కొంత ఎక్కువ కట్టించుకున్నారే గాని ఇదేమిటని అడగలేదు. మూడేళ్లు ఆ కారు రేకుల షెడ్డు దాటకపోవడం, గంగుబాయి ఎండాకాలాలు దాటడం, గడువు తీరాక ఆపరేషన్ జరిగి ఆమె నడిచి ఇంటికి రావడం, అదంతా తర్వాతి ముచ్చట.

ఆనాడు సారు వెళ్లిపోయాక గంగుబాయి లేవబోయింది. రేపు పొద్దున ఎవరి బేరముంది, ఎటు పోవాలె అని అడిగింది.

"యాడికీ పోవుడు లేదు," అన్నాడు లక్ష్మీరాజం. "పండుకో."

అతను కారును షెడ్డులోకి తోసి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లోపల ఇనుము కాసేపు టిక్కు టిక్కుమని, మెల్లగా చల్లారి ఊరుకుంది. తిరిగొచ్చి చూస్తే గంగుబాయి మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. పెళ్లయ్యాక ఆమె పగటిపూట నిద్రపోవడం అతను ఎన్నడూ చూడలేదు.