సముద్రం మీద నురగ

మద్రాసులో మా ఆఖరి రోజు. లాడ్జి వాళ్ళు పొద్దున్నే గది ఖాళీ చేయించారు. రైలేమో చీకటి పడ్డాక. మధ్యలో ఉన్న పగలంతా చెమట పాలు.

నా భార్య నాగరత్నానికి ఒకటే కోరిక, సముద్రంలో మునగాలని. జిన్నారం దగ్గరి మా ఊరి నుంచి ఆ మాట మీదనే బయలుదేరింది. మమ్మల్ని తీసుకొచ్చిన ఆమె తమ్ముడు ప్రవీణ్ మాత్రం గుళ్ళూ బట్టల దుకాణాలూ తిప్పాడు గానీ అటు తీసుకుపోలేదు. అతను మా ఊరి పక్క మందుల కంపెనీలో సూపర్‌వైజర్. సెలవులో కూడా కంపెనీ టోపీ తీయడు. ఎండ చల్లబడనీ అని ఆ పూట ఒక మాల్‌లో కూర్చోబెట్టాడు. ఏసీ కింద కాళ్ళు చాపుకొని, ఈ ఉక్కలో మనుషులెట్లా బతుకుతారో, మన ఊరి గాలే గాలి అన్నాడు. రాత్రయితే కంపెనీ వాసనకు కిటికీలు మూసుకుని పడుకునే ఊరు మాది.

చివరికి నాగరత్నం లేచి, ఎవరొచ్చినా రాకున్నా నేను పోతున్నానని కుచ్చిళ్ళు దోపుకుంది. వెనకే మేమూ ఆటో ఎక్కాం.

ఇసుక దాటి నీళ్ళ దగ్గరికి చేరాం. ఒక అల విరిగి, తెల్లటి నురగను మా కాళ్ళ ముందు పరిచిపోయింది. సముద్రాన్ని దగ్గరగా చూడటం ప్రవీణ్‌కూ అదే మొదలు. గబుక్కున అక్క చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"దిగకక్కా. ఏ కంపెనోడో మందు నీళ్ళు ఇడిసినట్టుండు. నురగ సూడు. ఒళ్ళంత పొక్కుతది."

వాన పడితే చాలు, మా వాగులో బర్రె పొట్ట దాకా నురగ లేస్తుంది. అందులో దిగిన బర్రెలకు పుండ్లు పడితే, అది ఉత్త సబ్బు నురగ లాంటిదని ఊరికి నచ్చజెప్పింది ఈ ప్రవీణే.

నాగరత్నం చెయ్యి విడిపించుకుంది.

"మన వాగుల నురగకు ఏం గాదంటివి గద తమ్మీ. గీడ గింత భయమేంది?"

"అది వేరే అక్కా. అది మన కంపెనీది."

పక్కన అలల్లో దొర్లుతున్న పిల్లల వంక, పాపం తెలియక దిగారన్నట్టు చూశాడు.

నాగరత్నం ముక్కు మూసుకుని మునిగింది. లేచి, నోట్లోకి పోయిన ఉప్పునీళ్ళు ఉమ్మి, నవ్వి, మళ్ళీ మునిగింది. నేనూ దిగాను.

రైల్లో ప్రవీణ్ మాటిమాటికీ ముందుకు ఒంగి, ఒళ్ళు దురద పెడుతోందా అక్కా అని అడుగుతూనే ఉన్నాడు. వాగు పక్క ఇళ్ళ వాళ్ళను ఏనాడూ ఆ మాట అడిగినవాడు కాదు. నాగరత్నం కిటికీ చువ్వలకు తడి చీర ఆరేసి, దాని అంచు అతని ఒళ్ళో పడేట్టు వదిలి, కళ్ళు మూసుకుంది.