ఫొటోలో పడిన తాలు

మిరపకాయల కల్లంలో ఎవరికీ అక్కరలేని సరుకు ఒకటుంది. ఎర్రదనం పోయి తెల్లమచ్చలు తేలిన కాయ. దాన్ని తాలు అంటారు. రాశిలోంచి ఏరి పక్కన పడేస్తారు.

అద్దంకి దగ్గర బాపయ్య గారి కల్లంలో ఆ ఉదయం పన్నెండు మంది ఆడవాళ్లు కాయ ఏరుతున్నారు. జయపాల్ తన ట్రాలీ ఆటో ఆపి, లోపలికి వస్తూనే భార్య లిడియాను కేకేశాడు.

"ఏయ్ తాలూ! టిఫిన్ తిన్నావా?"

అందరూ నవ్వారు. లిడియా కూడా నవ్వింది. ఆమె వేళ్ల నుంచి మణికట్టు దాకా రెండేళ్లుగా తెల్లమచ్చలు. అంటుకునేవి కావు, నొప్పి ఉండదు, రంగు మాత్రమే పోతుంది అని ఒంగోలు డాక్టరు చెప్పాడు. జయపాల్ అది తెలిసే ప్రేమించాడు, ఇంట్లో వాళ్లను ఎదిరించి ఎనిమిది నెలల క్రితం పెళ్లి చేసుకున్నాడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఇందులో అబద్ధం లేదు. ఎవరైనా "అవేం మాటల్రా" అంటే మాత్రం, "తెలిసే చేసుకున్నాగా! నాకు లేని పట్టింపు మీకెందుకు?" అనేవాడు. మనలో ఎంతమంది ఇళ్లలో ఈ మాట వినపడదు?

ఆ ఆదివారం చర్చిలో జయపాల్ తమ్ముడి పెళ్లి ప్రధానం జరిగింది. అందరూ ఫొటోకు నిలబడ్డారు. "చేతులు కొంగు కింద పెట్టుకో, ఫొటోలో తాలు పడుద్ది" అన్నాడు జయపాల్, నవ్వుతూనే. లిడియా పెట్టుకుంది.

సోమవారం గుడ్డ గ్లవుజులు తొడుక్కుని పనికి వచ్చింది. అడిగినవాళ్లకు మంట పుడుతోందని చెప్పింది.

"ఇప్పుడు ఫస్ట్ క్వాలిటీ!" అన్నాడు జయపాల్.

బాపయ్య గారి కల్లంలో ఒక పద్ధతి ఉంది. బస్తాలకు ఎత్తే ముందు రాశిలో లిడియా చెయ్యి పెట్టి చెమ్మ చూడాలి. ఆమె సరే అన్నాకే బస్తా కుడతారు. గురువారం జయపాల్ ఆ బస్తాలను కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లడానికి ఎత్తుతుంటే ఒకటి చినిగింది. లోపలి నుంచి వెచ్చటి ఆవిరి, ముక్కిపోయిన వాసన. బాపయ్య గారు ఒక కాయ చీల్చారు. లోపలంతా బూజు.

"అమ్మాయ్, నీ చెయ్యి దాటి చెమ్మకాయ పోవడం ఆరేళ్లలో ఇదే మొదలు. ఏమైంది?"

"తెలియట్లేదండీ. రేపటి నుంచి ఇంకెవరినైనా పెట్టుకోండి" అంది లిడియా, తల వంచుకుని.

"ఆ గ్లవుజుల్లో ఏం తెలుస్తుంది? తీసి చూడు" అన్నాడు జయపాల్.

"తీస్తే తాలు పడుద్దిగా."

ఆమె కోపంగా అనలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అందరిలోకీ పెద్దదైన దేవకుమారి లేచింది. "ఒరేయ్ జయపాలూ, తెలిసే చేసుకున్నానని ఊరంతా చెప్పుకుంటావు. నీ నోరు ఎలాంటిదో తెలిసే కదరా అదీ నిన్ను చేసుకుంది? ఒక్కనాడన్నా నలుగురిలో నీకో పేరు పెట్టిందా?" అంటూ తనే లిడియా గ్లవుజులు లాగేసింది. "చెయ్యి పెట్టు తల్లీ. ఇరవై బస్తాలున్నాయి."

బస్తాలన్నీ విప్పి పట్టా మీద పోశారు. లిడియా ఒట్టి చేతులు రాశిలోకి దించింది. చూపు ఎక్కడో ఉంది. వేళ్లు తొడిమ దగ్గర నొక్కి వదిలేస్తున్నాయి, ఒకచోట ఆగుతున్నాయి. ఆగినచోట కాయ తీసి చెవి దగ్గర ఊపేది. ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. అనకపోతే పక్కన పెట్టేది. బాపయ్య గారు చీల్చిన ప్రతిదాంట్లోనూ బూజే. పైకి అన్నీ ఒకే ఎరుపు.

జయపాల్‌కు నమ్మకం కలగలేదు. రాశిలోంచి నిగనిగలాడే కాయనొకదాన్ని ఎంచి ఆమె అరచేతిలో పెట్టాడు.

"చెమ్మ" అంది, అటు చూడకుండానే.

చీల్చాడు. బూజు.

పదేళ్లుగా మిరప బస్తాలు మోస్తున్న జయపాల్ తలమీద టోపీ తీసి చేత పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో తెలియకుండానే. చర్చిలో ప్రార్థన మొదలైనప్పుడు అలా తీస్తాడు. కంటికి దొరకనిది ఆ తెల్లటి వేళ్లకు దొరుకుతోంది. ఎనిమిది నెలలుగా ఆ చేతి అన్నం తిన్నాడు. ఆ చేతుల్ని ఇంతసేపు ఎన్నడూ చూడలేదు. పొద్దు వాలేదాకా నిలబడి చూశాడు. ఒక్క బస్తాడు కాయకు తప్ప మిగతా సరుకంతటికీ ఆమె సరే అంది.

మర్నాడు ఉదయం ఆటో ఆగింది. ఆడవాళ్లందరూ తలలెత్తారు.

"లిడియా!"

"ఏంటి?"

"ఏం లేదు. పేరు పెట్టి పిలిచి చూశా."

"బాగానే ఉంది. అలవాటు చేసుకో" అంది లిడియా, ఒట్టి చేతులతో కాయ ఏరుతూనే.

తెలిసి చేసుకోవడం గొప్పే కావచ్చు గానీ, ఆ గొప్పతనం ఎగతాళి చేయడానికి ఎవరికీ హక్కు ఇవ్వదు.