మాధవీలత గుప్పిట

పొద్దున్న ఆరింటికల్లా ఆ వీధిలో వాళ్ళు ఇనుప సామానంతా కట్టేసుకుంటారు. కొడవళ్ళు గోనెసంచిలో చుట్టి మంచం కింద పెడతారు. కొబ్బరికాయలు ఒలిచే గునపాన్ని గొలుసుతో రాటకి బిగిస్తారు. కత్తిపీట మీద పొత్రం పెడతారు. ఆ పనయ్యాక ఎదురింటి లోవమ్మ అరుగు మీంచి కేకేస్తుంది, "అమ్మాయ్, కట్టేసేం, ఇంక రా" అని. అప్పుడు మాధవీలత తలుపు తీస్తుంది. కుడిచేతి వేళ్ళు బారచాపి, ఎడమ చేత్తో ముగ్గేసుకుంటుంది.

ఆవిడ కుడి గుప్పిట మూస్తే ఇనుము వచ్చేస్తుంది. ఐనవిల్లిలో ఆ వీధికి అదొక వానలాంటి సంగతి. వచ్చినప్పుడు పక్కకి తప్పుకుంటారు, వెలిసేక ఎవరి సామాను వాళ్ళు ఏరుకుంటారు.

"మాధవిగారండీ, మా సైకిలు గానీ ఇటొచ్చిందాండీ?" అని అడుగుతాడు వీర్రాజు. కాయలొలిచే పని అతనిది.

"వచ్చిందండీ. వెనక చక్రం కాస్త వంగింది. ఏమనుకోకండి."

"ఆయ్, పర్లేదండీ. అది కొన్నప్పట్నించీ వంకరేనండి."

ముప్పై ఏడేళ్ళు వచ్చేదాకా మాధవీలతకి జలుబు తప్ప వేరే జబ్బు తెలీదు. పోయిన ఏప్రిల్లో, కూతురి పరీక్షలైపోయిన వారం, కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో పెళ్ళి జాకెట్టు కుడుతోంది. ఉన్నట్టుండి రబ్బరు కాలిన వాసన వచ్చింది. కళ్ళు ఎడమ పక్కకి వెళ్ళిపోయేయి. ఒళ్ళంతా బిగుసుకుని, కాలు మాత్రం తొక్కుడుబల్లని తన్నుతూనే ఉంది. సూది చూపుడువేలి గోట్లోంచి దిగి, వేలిని జాకెట్టుకి మూడు కుట్లు వేసింది. తర్వాత మనిషి జాకెట్టుతో సహా కింద పడింది. తల మిషను కాలికి టకటకా కొట్టుకుంటుంటే నోట్లోంచి నురగ, నురగలోంచి నెత్తురు.

లోవమ్మ పరిగెత్తుకొచ్చి, అక్కడ అందరూ చేసే పనే చేసింది. మొలనున్న తాళాల గుత్తి తీసి ఆ గుప్పిట్లో కుక్కింది. ఇనుము తగిలితే ఫిట్సు దిగిపోతుందని అందరికీ తెలుసు. నలుగురు మగాళ్ళు కాళ్ళూ చేతులూ తొక్కిపట్టేరు. వాళ్ళ బలానికి ఎడమ భుజం జారిపోయింది. ఎవరో పళ్ళ మధ్య గరిటె దూర్చేరు, ఒక పన్ను ఊడింది. మర్నాడు అమలాపురం ఆస్పత్రిలో గుప్పిట విడేసరికి తాళాలు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి. అరచేతికి ఇనుము అలవాటైపోయింది.

"ఎంతసేపు వచ్చింది?" అని డాక్టరు అడిగితే లోవమ్మ అరగంటంది. వీర్రాజు రెండు నిమిషాలేమోనన్నాడు. గడియారం ఎవరూ చూళ్ళేదు. అందరూ ఇనుము వెతికేరు.

ఇంటికొచ్చిన తొమ్మిదో రోజున మాధవీలత కూతురికి జడేస్తోంది. పదకొండేళ్ళ ప్రశాంతి ఒక్కచోట కూర్చునే రకం కాదు. రిబ్బను బిగిద్దామని తల్లి గుప్పిట మూసింది. బల్ల మీది కత్తెర లేచి పిల్ల చెవి పక్కనించి దూసుకొచ్చి, జడ కొస కోసుకుంటూ తల్లి అరచేతిలో దిగింది.

"అమ్మా, జడ పోయింది," అని నవ్వింది ప్రశాంతి.

మాధవీలత జడ చూళ్ళేదు, చెవి చూసింది. ఆ సాయంత్రమే కాట్రేనికోనలో రొయ్యల చెరువులు చేసుకునే తమ్ముడు సోమేశ్వరరావుకి ఫోను చేసి, పిల్లని తీసుకెళ్ళమంది. దోహాలో డ్రైవరుగా ఉన్న భర్త నీ ఇష్టం అన్నాడు.

అప్పట్నించీ ఆవిడ కూతుర్ని ఫోన్లోనే పెంచింది. పొద్దున్న ఐదింటికి లేపేది. పళ్ళు తోముకుంటున్న చప్పుడు వినేది. చెరువు గట్టు మీద పరిగెత్తకు, కరెంటు తీగలున్న వైపు వెళ్ళకు, అత్తయ్య అడక్కముందే కంచం తీసెయ్యి. నలభై రోజులకి నలభై రకాల జాగ్రత్తలు. ఫిట్సొస్తే ఏం చెయ్యాలో డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని కూడా మూడుసార్లు చదివి వినిపించి, పిల్ల చేత అప్పజెప్పించుకుంది. చదువులో ఏ ముక్కా వదలకూడదని ఆవిడ పట్టుదల.

ఆ కాగితంలో రోజుకి రెండు మాత్రలని ఉంది. మాత్ర వేసుకుంటే ఏడింటిదాకా మెలకువ రాదు. ఐదింటి ఫోను తప్పిపోతుందని మాధవీలత వాటిని గోటితో విరిచి సగమే మింగేది. ఎవరికీ చెప్పలేదు.

జూన్ మొదటి వారంలో సోమేశ్వరరావు ఫోను చేసేడు. "అక్కా, బళ్ళు తీస్తున్నారు. పిల్లని ఇక్కడే చేర్చేద్దాం. టీసీకి నీ సంతకం కావాలి. ఒకసారి చేర్చేమంటే పదో తరగతిదాకా ఇక్కడే మరి, ఆలోచించుకో."

పదో తరగతిదాకా అంటే నాలుగేళ్ళు. మాధవీలతకి తెలీకుండానే వేళ్ళు ముడుచుకుపోయేయి. వీర్రాజు కొడవలి గోనెసంచి చీల్చుకుని, ఎదురింటి గోడ చెక్కేసుకుంటూ వచ్చి, ఆవిడ ముఖానికి జానెడు దూరంలో తలుపు చెక్కలో పిడిదాకా దిగింది. వణుకుతున్న దాని పిడిని చూస్తూ, "ఆదివారం కాగితాలు పట్టుకురా. పిల్లని మాత్రం తేకు," అంది.

ఆదివారం పొద్దున్న సోమేశ్వరరావు బైకు వెనకనించి ప్రశాంతి దిగింది.

"నేనేం చెయ్యను? నాకంటే ముందెక్కి కూచుంది," అన్నాడు సోమేశ్వరరావు.

"గుమ్మం దాటకు తల్లీ. అక్కడే ఉండు."

"నాకు టీసీ ఇష్టం లేదమ్మా."

"ఇష్టం గురించి కాదు. చెవి గురించి."

"చెవి ఉందిగా. ఇదుగో, రెండూ ఉన్నాయి. కావాలంటే లెక్కపెట్టుకో."

మాధవీలత నవ్వలేదు. నవ్వితే ఆ కాగితం చింపేస్తానేమోనని భయం. ముందురోజంతా తిండి సరిగ్గా తినలేదు, కన్ను మూయలేదు. పెన్ను రెండు వేళ్ళ సందున ఇరికించుకుని, చెయ్యి బారచాపే సంతకం మొదలెట్టింది. పేరు సగం అయింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"సోమూ, పిల్లని బయటికి..." అంటుండగానే కళ్ళు ఎడమకి తిరిగిపోయేయి. పడిపోయింది. గుప్పిట బిగిసింది.

మొదట కత్తెరలొచ్చేయి. తర్వాత ఇస్త్రీపెట్టె, వైరు తెంపుకుని. పెంకులు పగిలి కొడవళ్ళు కప్పులోంచి రాలేయి. సోమేశ్వరరావు బైకు స్టాండు మీంచి లేచి గుమ్మాన్ని గుద్దింది. గుమ్మం రెండు చెక్కలైంది. చెక్క తగిలిన దెబ్బకి అతని నుదురు చిట్లి, కళ్ళలోకి నెత్తురు కారుతుంటే మంచం కింద దూరేడు. వీధిలో రాట విరిగిన చప్పుడైంది. వీర్రాజు గునపం గొలుసుతో సహా మొన ముందుకి పెట్టుకుని బయల్దేరింది.

అప్పటికే లోపలికొచ్చేసిన ప్రశాంతి తల్లి దగ్గరికి నేల మీద పాకింది. తల్లి తల కింద తన చున్నీ చుట్ట చుట్టి పెట్టింది. గడియారం చూసింది. తల్లిని పక్కకి తిప్పింది. కాళ్ళూ చేతులూ పట్టుకోలేదు. డాక్టరు కాగితంలో పట్టుకోకూడదని ఉంది. కానీ ఇనుమొస్తే ఏం చెయ్యాలో కాగితంలో లేదు. ఒక కొడవలి ప్రశాంతి వీపు గీసుకుంటూ పోయింది. గునపం గుమ్మం దాటింది. పిల్ల ఇంక ఆలోచించలేదు. బొటనవేలు పక్కన దొరికిన కాస్త సందులోంచి తన ఎడమచెయ్యి ఆ గుప్పిట్లోకి తోసేసింది.

గుప్పిట్లో చోటు లేకపోయేసరికి ఇనుము ఎక్కడిదక్కడ ఆగింది. తర్వాత కింద పడింది. గునపం పడ్డచోట గచ్చు పగిలి ముక్కలు ఎగిరేయి.

ఆ నిశ్శబ్దంలో పిల్ల వేళ్ళు విరిగిన చప్పుడు మంచం కిందికి వినబడింది. ఒకటి, కాసేపాగి ఇంకోటి. ప్రశాంతి చెయ్యి లాక్కోలేదు. ఏడుస్తూనే గడియారం కేసి చూస్తూ పైకి లెక్కపెడుతోంది, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది అని.

అమలాపురంలో డాక్టరు పోయినసారి లాగే ఎంతసేపు వచ్చిందని అడిగేడు.

"రెండు నిమిషాల నలభై సెకన్లండీ," అంది ప్రశాంతి, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "ముందు కళ్ళు ఎడమకి వెళ్ళేయి. తర్వాత కుడిచెయ్యి కొట్టుకుంది. పెదాలు నీలంగా అయ్యేయి, మళ్ళీ మామూలైపోయేయండీ."

ఆయన అన్నీ రాసుకుని మాధవీలత కేసి తిరిగేడు. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"సగం వేసుకుంటున్నానండీ. పొద్దున్న ఐదింటికి పిల్లని లేపాలి."

"నన్నా?" అంది ప్రశాంతి. "నేను లేచేది ఆరున్నరకమ్మా. నీ ఫోనెత్తి, బ్రష్షుతో గోడ గీకి మళ్ళీ పడుకుంటాను."

డాక్టరు తల వంచుకుని చాలాసేపు రాసేడు. రెండు పూటలా పూర్తి మాత్ర వేసుకోవాలనీ, ఏడింటిదాకా నిద్రపోవాలనీ.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాక సోమేశ్వరరావు జేబులోంచి టీసీ కాగితం తీసేడు. అతని నుదుటి మీద ఆరు కుట్లు. "సగం పేరు చెల్లదక్కా. ఆ మిగతాది కూడా రాసెయ్యి. ఇవాళ వేళ్ళు పోయేయి. రేపు మెడైతే?"

మాధవీలత కాగితం తీసుకుంది. కూతురి కట్టు కేసి చూసింది. ఆ రెండు వేళ్ళూ తనే విరిచింది, కత్తెరా కొడవలీ కాదు. ఇన్నాళ్ళూ దేనికైతే భయపడిందో అది జరిగిపోయింది, అయినా పిల్ల పక్కనే కూర్చుని కాళ్ళూపుతోంది.

"దాని బట్టలు ఇంటికి పంపించెయ్యి, సోమూ. నల్లబూట్లు మర్చిపోకు. గణితం పుస్తకం అట్ట ఊడింది, అదీ చూడు."

"అక్కా..."

"పంపించమన్నాను."

అతను కుట్ల మీద చెయ్యి వేసుకుని లేచి, టీ తెస్తానని వెళ్ళిపోయేడు.

"ఇదిగో, విను," అంది మాధవీలత. "ఈసారొస్తే పక్కకి తిప్పు, గడియారం చూడు. అంతే. చెయ్యి పెట్టకు."

"మరి ఇనుమొస్తే?"

 వరండా చివర్న ఎవరో స్ట్రెచరు తోసుకుపోయేరు. మాధవీలత అది మలుపు తిరిగేదాకా చూసి, మెల్లిగా అంది, "వస్తే పెట్టు."

"ఎడమదే పెడతాను. కుడిదైతే రాసుకోలేను." ప్రశాంతి కట్టు కేసి చూసుకుంది. "ఆరు వారాలు పడుతుందన్నారు. అందాకా ఫిట్సు రానివ్వకు."

"రానివ్వను," అంది తల్లి.