ఎడమవైపు సీటు

తన కారులో ఎడమవైపు సీట్లో ధీరజ్ ఎన్నడూ కూర్చోలేదు. ఆ సంగతి కూడా అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

గోపాల్ పట్టుబట్టాడు. మరిపెడలో అతనిది కార్ల వర్క్‌షాపు, ధీరజ్‌ది ఎరువుల దుకాణం. ఇద్దరి స్నేహమూ ఈ కారు మీదే పెరిగింది. పాత బండికి, ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పెద్ద టర్బో వేసి, దాని బలం దాదాపు రెట్టింపు చేశారు. ఇప్పుడు క్లచ్ జారుతోందని అనుమానం. "నువ్వు చెప్తే సమజ్ గాదన్నా, నా కాలికి తెల్వాలె. జర పక్కకు కూసో," అన్నాడు గోపాల్. తాళం ఇంకొకరికి ఇవ్వడమంటే ధీరజ్‌కి ఒంట్లోంచి ఏదో తీసి ఇచ్చినట్టుంటుంది. అయినా ఇచ్చాడు. వాన మొదలైంది. అద్దాలెత్తుకుని దంతాలపల్లి రోడ్డు పట్టారు.

ఆ బండిలో ఏసీ వేయకూడదని ధీరజ్ నియమం. వేస్తే ఇంజిన్ బలం కొంత దానికే పోతుంది. బయటిగాలిని లోపలికి తెచ్చే ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటుంది. తను నడిపేటప్పుడు ఎప్పుడూ తన పక్క అద్దం దించే ఉంచుతాడు.

మొదట నాలుక చేదెక్కింది. తర్వాత కణతలు బిగిశాయి. ఎదురుగా ఉన్న ఫ్యాను జాలీలోంచి వెచ్చగా, జిడ్డుగా గాలి మొహాన కొడుతోంది. మాడిన నూనె, పెట్రోలు కలిసిన వాసన. తనకు పరిచయమైన వాసనే, ఒకరకంగా ఇష్టమైనదే. కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. దంతాలపల్లి రాకముందే బండి ఆపమని సైగ చేశాడు. దిగి, మిర్చి చేను గట్టు మీద వంగి, పొద్దున తిన్నదంతా కక్కేశాడు.

గోపాల్ నీళ్ళ సీసా అందిస్తూ నవ్వాడు. "ఏందన్నా, అచ్చం వదిన లెక్కనే కక్కుతున్నవ్."

గోపాల్ ఊరికే అన్నాడు. ధీరజ్ మాత్రం సీసా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అతని భార్య రిషిత భూపాలపల్లిలోని పుట్టింటికి వెళ్ళి నెల దాటింది. పెళ్ళైన కొత్తలో ఇదే కారులో ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆమెకేం కాలేదు. ఏడాదిగానే మొదలైంది. తొర్రూరు దాటేలోపు వాంతి, ఇల్లు చేరాక తలనొప్పి. బస్సులో ఏమీ ఉండదు. వాళ్ళ అన్న కారులోనూ ఉండదు. దవాఖానలో పరీక్షలన్నీ చేసి ఏ జబ్బూ లేదన్నారు.

అప్పుడు ధీరజ్ మనసు గురించిన వీడియోలు చూశాడు. చూసి, కారణం తనే కనిపెట్టాడు. తన మీద ఉన్న, నోటితో చెప్పలేని అయిష్టాన్ని ఆమె ఒళ్ళు చెబుతోంది. ఆ మాట ఆమెకు నెమ్మదిగా, కోపం లేకుండా వివరించాడు. కోపం లేనందుకు తనను తాను మెచ్చుకున్నాడు కూడా. వాసన వస్తోందని ఆమె మొదట్లో ఎన్నోసార్లు చెప్పింది. అతను తన సీట్లోంచే ముక్కు ఎగబీల్చి, ఏమీ లేదన్నాడు. కొన్నాళ్ళకి ఆమె వాదించడం మానేసింది. వెళ్ళేరోజు బట్టలు సర్దుకుంటూ, అతను చెప్పిందే నిజమేమో, అతనంటే తనకు ఇష్టం లేదేమో, తనకే తెలియడం లేదేమో అంది. ఆదివారం రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుని విడిపోయే సంగతి మాట్లాడాలి.

వాసన ఎక్కణ్ణుంచో చూద్దామని, ఇంజిన్ ఆపకుండా వానలోనే బానెట్ ఎత్తారు.

ఇంజిన్‌లో మండిన పొగ కొంత ఎప్పుడూ పిస్టన్ల పక్కనుంచి కిందికి, నూనె ఉండే చోటికి జారుతుంది. అక్కడ నిలిస్తే ఇంజిన్ అతుకులకు వేసే సీళ్ళు తన్నుకుని నూనె కారుతుంది. అందుకని కంపెనీ వాళ్ళు దాన్ని ఒక పైపుతో మళ్ళీ ఇంజిన్ పీల్చే గాలిలోకే పంపి కాల్చేస్తారు. పెద్ద టర్బో వేశాక ఆ పొగ పెరిగి, దానితో వచ్చే నూనె తడి గాలిపైపులకి పట్టేది. పాత పైపే ఉంచి అప్పుడప్పుడు కడుక్కోవచ్చు. మధ్యలో నూనె ఆగిపోయే డబ్బా ఒకటి పెట్టి, పొగను మళ్ళీ ఇంజిన్‌కే ఇవ్వచ్చు. లేదంటే పైపు కోసి, కొసకు చిన్న ఫిల్టర్ తొడిగి, బానెట్ కిందే వదిలేయచ్చు. ఏడాది కింద ఇద్దరూ కూర్చుని ఈ చివరిదే ఎంచుకున్నారు. ఇంజిన్‌కి శుభ్రమైన గాలి దొరుకుతుంది, ఎర్రటి ఫిల్టర్ చూడ్డానికీ బాగుంటుంది.

ఆ ఫిల్టర్ వెనకాల, ఎడమపక్కన, కారు లోపలికి గాలి పీల్చుకునే కంత ఉంది. రెంటికీ మధ్య జానెడు దూరం. పొగ సన్నగా వంకర తిరుగుతూ ఆ కంతలోకే పోతోంది.

"గిది మనం బెట్టిందే గదా," అన్నాడు గోపాల్. అతని నవ్వు పోయింది. పొగను మళ్ళీ ఇంజిన్‌కే కలిపేద్దామని, మధ్యలో డబ్బా పెడదామని అన్నాడు.

ధీరజ్‌కి ముందుగా వచ్చిన ఆలోచన రిషిత గురించి కాదు, ఇంజిన్ గురించి. ఎంత డబ్బా పెట్టినా కాస్త నూనె తడి లోపలికి పోతుంది, బలం తగ్గుతుంది. ఆ ఆలోచన తనదేనని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. పొగను చూసినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ బెదిరాడు. పొగ విషయంలో తప్పు గోపాల్‌తో పంచుకోవచ్చు. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

కారు గోపాల్‌కి వదిలేసి వరంగల్ బస్సెక్కాడు, అక్కడి నుంచి భూపాలపల్లికి ఇంకో బస్సు. దారి పొడుగునా తను మోసుకెళ్తున్నది శుభవార్త అనే అనుకున్నాడు.

మామ కరుణాకర్ తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, బయటికి వెళ్ళాడు. రిషిత కుర్చీ అంచున కూర్చుని అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాడు, లేదా తిడుతుందనుకున్నాడు.

"నువ్వు కక్కినప్పుడు," అంది చివరికి, "నేను యాదికొచ్చిన్నా?"

అవుననే అబద్ధం తేలిగ్గా నోటిదాకా వచ్చింది, కానీ చెప్పలేదు. "గోపాల్ అన్నంక," అన్నాడు.

ఆమె తలూపింది. "ఆదివారం రా. గీ పొగ ముచ్చట అందరి ముంగట చెప్పు. నాకు మనసు రోగం లేదని నీ నోటితోనే చెప్పాలె."

"చెప్త. చెప్పినంక ఇంటికొస్తవా?"

రిషిత అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం కోసం వెతికాడు. దొరకలేదు.

"వాసన బండిదే. గది సమజైంది," అంది. "కానీ నువ్వంటే నాకిష్టం లేదని నువ్వు చెప్పంగ చెప్పంగ, నేను నిజంగనే నేర్చుకున్న."