గురక ఆగిన ఇల్లు

మాస్కు రోజూ సబ్బునీళ్లతో కడగాలి. గొట్టం నీడలో వేలాడదీసి ఆరబెట్టాలి. మిషను తొట్టిలో పాత నీళ్లు పారబోసి, శుద్ధి చేసిన నీళ్లు గీత దాకా పోయాలి. ఆదివారం ఫిల్టరు దులపాలి. పట్టీలు మరీ బిగించకుండా, మరీ వదలకుండా పెట్టాలి. గాలి పక్కనించి పోకుండా నాన్న మీసం తీయించాలి. అన్నిటికన్నా ముందు, నాన్న ఆ మాస్కు పెట్టుకుని నిద్రపోయేలా చూడాలి.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. అందుకని మిషనుతో వచ్చిన పుస్తకం చదవడం, డాక్టరమ్మతో మాట్లాడటం నా వంతుకు వచ్చాయి.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీయే. ఒకసారి సిగ్నల్లో పచ్చలైటు పడినా బస్సు కదల్లేదు. కండక్టరు వచ్చి భుజం కుదిపేదాకా నాన్న స్టీరింగు మీద వాలి నిద్రపోతున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా డిపోవాళ్లు బస్సు తీసేసుకుని, రాత్రిళ్లు షెడ్డులో బస్సులు కడిగించే పనికి వేశారు. నిద్రలో ఆయన గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని పరీక్షల్లో తేలింది. గాలి ఊదే ఈ మిషను పెట్టుకుని నిండుగా నిద్రపోతున్నాడని రుజువైతేనే బస్సు నడపొచ్చని కాగితం ఇస్తానన్నారు డాక్టరమ్మ. ఎంతసేపు పెట్టుకున్నదీ మిషనే గుర్తుపెట్టుకుంటుంది.

మొదట్లో ఇంట్లో రోజూ యుద్ధమే.

"ముక్కులో కొడితే నోట్లోంచి వస్తోందే గాలి. నేనేమన్నా టైరునా?" అనేవాడు నాన్న.

చూడటానికొచ్చిన కండక్టరు, పైలట్‌లా మాస్కు పెట్టుకున్న నాన్నను చూసి నవ్వాడు. "ఏం గురూ, బస్సు ఇవ్వకపోతే విమానం ఎక్కేశావంటగా."

"నవ్వరా, నవ్వు. నా బండి ఆ కొత్తోడికిచ్చారంట కదా. గేరు మారిస్తే పళ్లు నూరినట్టు చప్పుడొస్తోందంట." ఆ మాట అని నాన్న గోడవైపు తిరిగాడు.

మెలకువలోనే కుర్చీలో కూర్చుని మాస్కు అలవాటు చేసుకోమన్నాను. గాలి మెల్లగా మొదలయ్యే బటను చూపించాను. చివరికి మీసం కూడా వదులుకున్నాడు. నేను ఆఫీసుకు బయల్దేరే వేళకు షెడ్డు నుంచి వచ్చి, మాస్కు పెట్టుకుని, గురక లేకుండా పడుకునేవాడు. గండం గడిచిందనుకున్నాను.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మిషను గుర్తుపెట్టుకున్న లెక్కంతా తెర మీద చూసి తల అడ్డంగా ఊపారు. "పెట్టుకుంటున్నారు, కాసేపటికే తీసేస్తున్నారు. ఇలా అయితే నేను కాగితం ఇవ్వలేనమ్మా. ఇంకొక్కసారి చూస్తాను."

నాన్న నేలచూపులు చూశాడు. తిరుగుదారిలో బస్సులో ఆయన్ని కడిగేశాను. "ఇంత చెప్పినా ఎందుకు తీస్తున్నావు నాన్నా? జీవితాంతం బస్సులు కడిగిస్తావా?"

"సర్లేమ్మా," అన్నాడు. ఆయన కళ్లు ముందు సీట్లో డ్రైవరు చేతుల మీదే ఉన్నాయి.

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. గదిలో నాన్న పడుకున్నాడు. గది బయట, గోడవారగా అమ్మ కుట్టుమిషను. ఆమె కాసేపు తొక్కుతుంది, ఆపుతుంది, చెవి గదివైపు పెడుతుంది. మళ్లీ తొక్కుతుంది. ఉన్నట్టుండి లేచి గదిలోకి పరిగెత్తింది.

"ఏమయ్యా. ఏమయ్యా."

నాన్న ఉలిక్కిపడి మాస్కు లాగేశాడు. "బతికే ఉన్నానే," అని గొణిగి అటు తిరిగి పడుకున్నాడు. క్షణంలో గురక మొదలైంది. అమ్మ వచ్చి నెమ్మదిగా కుట్టు అందుకుంది. ముఖం తేటపడింది.

"అమ్మా, ఎందుకు లేపావు?"

"చప్పుడు లేదే. ఆగిపోయిందేమోనని."

"చప్పుడు లేకుండా ఉండటానికే కదమ్మా ఆ మిషను."

"నాకెవరు చెప్పారు?" అంది అమ్మ. అందులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. "నువ్వు పుట్టకముందు నించీ ఇంతే. గురక పెడుతూ పెడుతూ ఆగుతాడు. పక్కనుంటే మోచేత్తో పొడుస్తాను, కుట్టుకుంటుంటే లేచెళ్లి కుదుపుతాను. మళ్లీ అందుకుంటాడు. గురక ఉంటే మనిషి ఉన్నట్టు. ఇప్పుడా దిక్కుమాలిన మాస్కు పెట్టుకుంటే ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది నాకు?"

నాన్న లేచాక అడిగాను, అమ్మ లేపుతోందని డాక్టరమ్మ ముందు ఎందుకు చెప్పలేదని.

"చెప్తే నువ్వు దాన్ని తిడతావు. పాపం, భయమే దానికి," అన్నాడు.

మర్నాడూ సెలవు పెట్టి, నాన్న నిద్రపోయాక అమ్మను చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లాను. దుప్పటి లేస్తోంది, దిగుతోంది. అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కుట్టుమిషను గుమ్మానికి ఎదురుగా జరిపించుకుంది, దుప్పటి కనపడేలా.

నాన్నకు కాగితం వచ్చింది. బస్సూ వచ్చింది. అమ్మకు మాత్రం నిద్ర రాలేదు. ఆయన సెలవు రోజున పక్కన పడుకుంటే మోచెయ్యి దానంతటదే లేస్తుందట, మళ్లీ దించుకుంటుందట. కుట్టు వంకర పోతోందని కుట్టించుకునేవాళ్లు సణుగుతున్నారు. ఆమె చూపు గుడ్డ మీద ఉంటేగా.

రాత్రి బస్సులో కిటికీకి తల ఆనించి కునుకు తీసేటప్పుడు, మీకు ఎప్పుడైనా డ్రైవరు గుర్తొస్తే, ఇన్నేళ్లూ ఆయన ఊపిరికి కాపలా కాసిన మా అమ్మను కూడా ఒకసారి తలుచుకోండి.