దేవవ్వ చెప్పిన మాట

నూలు చుట్టుకుని నిండిన కండెను తీసి గంపలో వేస్తూ, ఖాళీది ఎక్కిస్తూ, తెగిన పోగును రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి ముడివేస్తూ దేవవ్వ పనిలో ఉంది. ముడులు వేసే పనంతా పొద్దున్నే చూసుకునేది. కరీంనగర్ డాక్టరు రాసిచ్చిన మాత్ర పనిచేస్తున్నంతసేపే ఆమె కళ్లు పూర్తిగా తెరుచుకునేవి. పొద్దెక్కేకొద్దీ రెప్పలు తడిబట్టల్లా కిందికి జారేవి. అప్పుడిక తల వెనక్కి వాల్చి, రెప్పల సందులోంచి చూస్తూ కండెలు చుట్టేది. పనిలో కునుకు తీస్తున్నావా అని సేటు గద్దిస్తే నవ్వి ఊరుకోబోయేది. ఆ నవ్వు కూడా చెడింది. పెదవుల చివరలు లేవక, పళ్లు మాత్రం బయటపడి, కరవబోతున్నట్టు కనిపించేది. అది తెలిసినప్పటినుంచి నవ్వడం మానేసింది.

సిరిసిల్లలో ఆ వాడ నిండా సాంచాలే. రేకుల కప్పు కింద ఆ మరమగ్గాలు ఆడుతుంటే గోడలు వణికేవి. ఆమె భర్త హనుమండ్లు అదే కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. చిన్నప్పటినుంచీ ఆ మోతలో మసలి అతని చెవులు సగం పోయాయి.

ఆమె మీద ఎవరో చేతబడి చేశారని వాడకట్టులో అనుకున్నారు. హనుమండ్లు కూడా అదే నమ్మి తాయెత్తు కట్టించాడు. చివరికి దేవవ్వ చిన్నమ్మ బాలవ్వ పట్టుబట్టి ఆమెను కరీంనగర్ తీసుకుపోయింది. పెద్ద డాక్టరు ఉపేందర్‌రావు ఆమెను పైకే చూస్తూ ఉండమన్నాడు. చూస్తుండగానే రెప్పలు వాలిపోయాయి. ఛాతీ ఫోటో తీయించి, వెలుగుకు పట్టి చూశాడు.

"ఎవరన్న చేసిండ్రా సారూ?" అని అడిగింది దేవవ్వ.

"ఎవ్వరు చెయ్యలేదమ్మా. నీ ఒళ్లే నిన్ను కొడుతుంది."

రొమ్ము ఎముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుందని చెప్పాడాయన. రోగాలతో పోరాడే కణాలు ఎముకల మూలుగలో పుట్టి, పసివిగా అక్కడికి చేరి పెరుగుతాయట. ఆ గ్రంథి వాటికి మన ఒంటి గుర్తులే చూపించి పరీక్ష పెడుతుందట. ఆ గుర్తులను ఆనవాలు పట్టలేనివి అక్కడే చచ్చిపోతాయి. ఆనవాలు పట్టి, శత్రువనుకుని మీదికి దూకేవాటినీ అది బతకనివ్వదు. మనవాళ్లను ఎరిగి, ముట్టకుండా ఉండగలిగే కొన్నే బయటికి వస్తాయి. ఆమెలో ఆ పరీక్ష చెడింది. గ్రంథిలో గడ్డ కూడా ఉంది. చావవలసినవి ప్రాణాలతో బయటపడి, నరానికీ కండకూ మధ్య ఉన్న దారిని తెగ్గొట్టిస్తున్నాయి. హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఆ గ్రంథి తీసేస్తే గుణం కనిపించవచ్చు.

తిరుగు బస్సులో దేవవ్వ రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. లోపల అన్ని చావులు జరుగుతున్నా, ఏ చప్పుడూ లేదు.

వచ్చేముందు డాక్టరు మరొక మాట చెప్పాడు. బాలవ్వ అప్పుడు మందుల కోసం కిందికి పోయి ఉంది. "జలుబు, జ్వరం వస్తే ఊర్ల సూది ఇప్పిచ్చుకోకు. కొన్ని సూదులు నీకు పడయి. ఊపిరే ఆగుతది. సీదా నా దగ్గరికి రా."

ఆపరేషన్ సంగతి ఇంట్లో పెద్ద చర్చే అయింది. ఛాతీ కోస్తారన్న మాటతో సూది మాట మరుగున పడింది. ఈ పొద్దున గొంతు మండి, ఒళ్లు వెచ్చబడేసరికి అది గుర్తొచ్చింది. లేచి, మోతగా ఆడుతున్న సాంచాల మధ్య నుంచి భర్త దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర నోరు పెట్టి ఉన్న బలమంతా కూడదీసుకుని చెప్పింది.

"పెయ్యి కాలుతుంది. సూది ఇప్పియ్యకుండ్రి. కరీంనగర్ సారు వద్దన్నడు."

హనుమండ్లు తెగిన పోగు మీంచి కళ్లు తిప్పకుండా తల ఊపాడు. ఆమెకు నిమ్మళమైంది. వెళ్లి మళ్లీ పీట మీద కూర్చుంది.

మధ్యాహ్నం మింగిన గంజి ముక్కులోంచి వచ్చింది. ఆ తర్వాత కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగేసరికి రేకుల మీద వాన చినుకులు వినిపించాయి. హనుమండ్లు వచ్చి పక్కన కూర్చుని నుదురు ముట్టి చూశాడు. ఏదో అడిగాడు. ఆమె గొంతులోంచి గాలే వచ్చింది, మాట రాలేదు. చెప్పవలసింది పొద్దున్నే చెప్పాను కదా అనుకుంది.

అతను ఆమెను దాదాపు ఎత్తుకుని ఇంటికి తెచ్చి, మంచం మీద పడుకోబెట్టి, వానలోనే వెళ్లి ఆర్.ఎం.పి. భూమన్నను వెంటబెట్టుకొచ్చాడు. భూమన్న చెడ్డవాడు కాదు. ఆ వాడలో ఎందరి జ్వరాలో దించినవాడు. ఆమె దగ్గు, ఛాతీలో గురగుర విని, నిమ్ము చేరిందన్నాడు. సంచీలోంచి చిన్న గాజుసీసా తీసి, సూదిలోకి మందు లాగాడు.

దేవవ్వ మూతపడుతున్న రెప్పల సందులోంచి భర్త ముఖం చూసింది. ఇప్పుడు చెబుతాడని ఎదురుచూసింది. చెయ్యి లేపబోతే వేళ్లు మాత్రం దుప్పటి మీద కదిలాయి. హనుమండ్లు ఆ వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మంచి సూదే ఇయ్యి భూమన్నా. శాన పరేషాన్ అయితుంది."

ఆమె చూపు అతని ముఖం మీదే ఉంది. సూది గుచ్చినప్పుడు కూడా తిప్పలేదు.

భూమన్న వెళ్లాక హనుమండ్లు ఆమె పాదాలు రుద్దుతూ కూర్చున్నాడు. దగ్గు ఆగింది. గురగుర తగ్గింది. మందు పట్టిందనుకున్నాడు. ఊపిరి పలచబడి పైపైనే ఆడుతున్నా, నిద్ర వస్తోందిలే అనుకుని దుప్పటి గదుమ దాకా కప్పాడు. పొద్దు గుంకకముందే కరెంటు వచ్చింది. వాడంతా సాంచాలు ఒక్కసారి మొదలై, మంచం కోళ్లు సన్నగా వణికాయి. ఆ చప్పుడులో దేవవ్వ ఊపిరి ఎప్పుడు ఆగిందో పక్కనే ఉన్న మనిషికి తెలియలేదు.

దినాలు అయ్యాక బాలవ్వ ఇల్లు ఊడుస్తూ, భూమన్న వదిలిపోయిన మందు సీసాను పారేయబోతే హనుమండ్లు వద్దన్నాడు. కరీంనగర్ సారుకు చూపెట్టాలె, మంచి మందే ఇప్పిచ్చినమని చెప్పాలె, అన్నాడు. తుడిచి దాన్ని గూట్లో పెట్టాడు. అరచేతిలో ఇమిడే ఖాళీ గాజుసీసా, రబ్బరు మూత నడుమ సూది దిగిన సన్నని రంధ్రం.