చాకు లేని చాకు బొమ్మ

నేను ఒక అట్టముక్కను. చాకులు అమ్మేందుకు కొట్లలో తగిలించాలని అచ్చేయించిన రంగుల ప్రకటనను. నా కథ విని ఎవరూ జాలిపడనక్కర్లేదు. నేనూ ఎవరి మీదా జాలిపడను.

నన్ను చేయించినవాడు మండా బ్రహ్మలింగాచారి. రామచంద్రపురంలో ఆయనకి కొలిమి ఉండేది. కొడవళ్లు, గునపాలు చేసుకుంటూ పోతే సుఖంగా బతికేవాడు. మడత చాకుల మీద మనసు పడింది. దున్నకొమ్ము పిడి, గోటితో లాగితే టక్కుమని తెరుచుకునే అలుగు, అలుగు మొదట్లో చిన్న వడ్రంగిపిట్ట గుర్తు. మంచి చాకు. పెన్సిళ్లు చెక్కుకునే గుమాస్తాలూ, చుట్టకి పొగాకు కోసుకునే ముసలివాళ్లూ జేబులో వేసుకు తిరిగేవారు. ఆయన అక్కడితో ఆగినా బాగుండేది. పేరు కావలసివచ్చింది.

ఎవరో ఆయనకి సీమ చాకుల కంపెనీవాళ్ల పుస్తకం ఒకటి ఇచ్చారు. అందులో ఒక దొర తన భార్యకి చాకు అందిస్తున్నాడు. ఆవిడ నవ్వుతూ అందుకుంటోంది. ఆచారి ఆ బొమ్మని పట్టుకెళ్లి అచ్చాఫీసులో ఇచ్చి, ఇలాంటిది కావాలన్నాడు. చిత్రకారుడు దొర కోటు విప్పించి పంచె కట్టాడు. దొరసానికి జరీచీర చుట్టి బొట్టు పెట్టాడు. చేతులు మాత్రం అలాగే ఉంచేశాడు.

మన ఇళ్లలో కత్తిని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకోరు. కింద పెడతారు, రెండోవాళ్లు కిందనించి తీసుకుంటారు. ఉప్పూ అంతే, మిరపకాయలూ అంతే. చేతికిస్తే తగువు వస్తుందంటారు. ఆచారి కూడా తన కొట్లో చాకుని బల్ల మీద పెట్టేవాడే గాని ఏనాడూ బేరగాడి చేతిలో పెట్టలేదు. అంత అలవాటున్నవాడికి బొమ్మలో ఆ తప్పు కనబడలేదు. రంగులు చూసి మురిసిపోయాడు. మనుషులంతే. చెయ్యి ఎరిగినది కన్ను ఎరగదు.

మండపేటలో పంపన వీర్రాజుకి ఇనుపసామాన్ల కొట్టు ఉండేది. ఆచారి స్వయంగా నన్ను తెచ్చి ఆయన ముందు నిలబెట్టాడు. వీర్రాజు కాసేపు చూశాడు.

"ఏవయ్యా ఆచారీ, మొగుడు పెళ్లాం చేతిలో చాకెట్టేత్తన్నాడేంటి?"

"బొమ్మే గదండీ."

"బొమ్మే. రేపు మా ఇంట్లో అన్నంగిన్నెలు ఎగిరితే అప్పుడూ బొమ్మేనంటావా?"

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆచారి నవ్వలేదు. ఏ ఊరు వెళ్లినా అదే మాట, అదే నవ్వు. నా తోటివాళ్లు కట్టలు కట్టలుగా వెనక్కి వచ్చేశారు. ఆయన అన్నిటినీ కొలిమిలో వేసి, ఆ మంట మీదే ఒక చాకు కాల్చబోయాడట. కాగితం మంటకి ఇనుము ఎర్రబడలేదు. తరవాత ఆయన మళ్లీ కొడవళ్లే చేసుకున్నాడు.

నేనొక్కదాన్నే మిగిలాను. వీర్రాజుకి గట్టి అట్ట కనబడితే పారేసే అలవాటు లేదు. నా ముఖం గోడవైపు తిప్పి, మేకుల పెట్టెల వెనక ఆనించాడు. చాలా ఏళ్లు గోడనే చూశాను. గోడ నాకు ఏ అపకారమూ చెయ్యలేదు.

వీర్రాజు కూతురు వరహాలమ్మ. ఆమెని రైసుమిల్లులో కాటా గుమాస్తా కుడిపూడి అబ్బులుకిచ్చి పెళ్లి చేశారు. స్టూడియోవాడు పెళ్లిఫొటో ఇచ్చాడు. పీటల మీద ఇద్దరూ, నుదుట బాసికాలు. వీర్రాజు దానికి తన కొట్లోనే అద్దం కట్టించాడు. వెనక దన్నుగా అట్ట కావలసివచ్చి నన్ను లాగి, అంచులు కోసి, ఫొటో వెనక పెట్టి మేకులు కొట్టించాడు. ఫొటో వీపు నా ముఖానికి ఆనింది. మొగుడూ పెళ్లాలకి తగువు తెచ్చే బొమ్మని పెళ్లిఫొటో వెనకే పెట్టారని ఆ సందట్లో ఎవరికీ తోచలేదు. తోచినా నన్నని లాభం లేదు. తగువుకి బొమ్మలు అక్కర్లేదు. పైగా ఆ ఇంట్లో తగువే లేదు. ఆయన మాట్లాడేవాడు కాదు. ఆవిడ మాట్లాడి మాట్లాడి మానేసింది.

అబ్బులుకి కాగితాల పిచ్చి పట్టింది. ఏ కాగితాలో కాదు, పాత చాకుల కంపెనీల కాగితాలు. చాకు చుట్టి వచ్చిన పొట్లం, పెట్టె మీది చీటీ, ధరల పట్టిక, క్యాలెండరు, దేశవాళీవీ, సీమవీ. ఆదివారం వస్తే పాతకాగితాల కొట్లలో మోకాళ్ల మీద కూర్చునేవాడు. పాత వర్తకుడెవరైనా పోయాడంటే పరామర్శకి ముందు తనే వెళ్లేవాడు. ఏడుస్తున్నవాళ్ల మధ్య కూర్చుని అటక వైపు చూసేవాడు. ఒక్క చాకు మాత్రం కొనలేదు.

"చాకు తుప్పడతది. కాగితం చరిత్ర," అనేవాడు.

"చరిత్రతో వంకాయలు తెగవండీ. కత్తిపీట మొద్దయిపోయింది, సాన పట్టించండి," అనేది వరహాలమ్మ.

"చూద్దాం."

ఆయనకి ఆ మాట ఊతపదం. పెరటి తలుపు ఊడిపోతోందంటే చూద్దాం. అందరూ కలిసి ఒక ఫొటో తీయించుకుందామంటే చూద్దాం. ఇతరుల పెళ్లిళ్లలో ఆమె ఎప్పుడూ వంటల దగ్గరే ఉండేది. ఆమె ముఖం తేటగా ఉన్న ఫొటో నా ముందున్నదొక్కటే.

ఒక శుక్రవారం ఆమె దేవుడి గూటి ముందు దీపం పెట్టి దండం పెట్టుకుంటోంది. గోడకి లక్ష్మీదేవి క్యాలెండరు. పుట్టింటినించి తెచ్చుకున్నది, కుంకుమ పెట్టీ పెట్టీ అమ్మవారి పాదాలు ఎర్రబడిపోయాయి. అబ్బులు వెనకే నిలబడి వంగి చూశాడు. అడుగున సన్నటి అక్షరాలతో ఏదో చాకుల కంపెనీ పేరుంది. దీపం వెలుగుతుండగానే దాన్ని మేకునించి తీశాడు. కుంకుమ దూదితో తుడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నాడు.

"అదేంటండీ, అమ్మవారు," అంది ఆమె.

"వేరే పటం తెచ్చుకో. అమ్మవార్లు ఎక్కడైనా దొరుకుతారు. ఇది దొరకదు."

ఆమె దీపం కొండెక్కేదాకా ఖాళీ గోడ ముందు కూర్చుంది. ఆ మనిషిని ఆమె ఆరోజు లెక్క కట్టేసిందని నా అనుమానం.

ఇంతలో అబ్బులుకి ఎక్కడో ఒక పాత పంచాంగం దొరికింది. వెనక అట్ట మీద నా బొమ్మ, గోరంత, నలుపులో. కింద వడ్రంగిపిట్ట. తగలబెట్టేశారు, ఒక్కటీ మిగల్లేదు అని ముసలివాళ్లు చెప్పారు. అంతే, ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. ఆచారి మనవల ఇళ్ల చుట్టూ తిరిగాడు. మూతపడ్డ కొట్లన్నీ తీయించాడు. ఆయన నాకోసం చెప్పులరిగేలా తిరుగుతుంటే నేను ఆయన మంచానికెదురుగా గోడ మీదున్నాను.

"మీ నాన్న కొట్లో ఉండేదేమో, ఆలోచించు," అన్నాడు భార్యతో.

"నేనెరగనండీ," అంది. అప్పటికది నిజమే.

ఆ యేడు దసరాకి ముందు ఇంటికి సున్నాలు వేశారు. వరహాలమ్మ పెళ్లిఫొటో దింపి తుడవబోతే వెనక కాగితం పురుగు కొట్టి పొడిపొడిగా రాలింది. మేకులు వంచి అట్ట తీసింది. వెలుతురు తగిలింది నాకు. ఆవిడ చూసింది. పంచె కట్టిన దొర, బొట్టు పెట్టుకున్న దొరసాని, మధ్యలో చాకు, మూలన పిట్ట. పంచాంగంలో ఆ బొమ్మని ఆయన ఎన్నిసార్లు చూపించాడో ఆవిడకి. గుర్తుపట్టడానికి రెప్పపాటు పట్టలేదు.

ఆయన మిల్లునించి వచ్చేసరికి నన్ను ఆయన చేతిలో పెట్టొచ్చు. జీవితంలో ఒక్కసారైనా ఆయన ముఖం ఆమెవైపు తిరిగి వెలిగేది. ఆమె ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో ఫొటోనూ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. లేచి పొయ్యి మీద మైదాపిండి ఉడకేసింది. పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపింది. ఆ జిగురు నా ముఖమంతా దట్టంగా పూసి, ఫొటోని నా మీద అద్ది, గుడ్డతో గట్టిగా నొక్కింది. ఇక ఒకటి కావాలంటే రెండోదాన్ని పాడుచెయ్యాలి. మేకులు మళ్లీ కొడుతూ ఒక్క మాటంది.

"చూద్దాం."

ఆ తరవాత అబ్బులు నా మాట ఎత్తితే, "ఎక్కడుంటదండీ, ఎలకలు కొట్టేసుంటాయి," అనేది. గొంతులో తేడా లేదు.

ఏళ్లు గడిచాయి. ఆమెకి కడుపులో గడ్డ లేచింది. కాకినాడ తీసుకెళ్లమంది.

"ఆదివారం చూద్దాం," అన్నాడు. ఆ ఆదివారం ద్వారపూడిలో ఒక పాత కొట్టు సామాన్లు తీస్తున్నారు. తరవాతి ఆదివారం ఇంకెక్కడో. కాకినాడ వెళ్లేసరికి డాక్టరు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. శ్రావణం ముసురులో పోయింది. చివరిరోజు మంచం మీదనించి నా వైపు, అంటే ఆ ఫొటో వైపు, చూస్తూనే ఉంది. నాకు ముఖం మూసుకుపోయినా ఆ చూపు తెలుస్తూనే ఉంది.

పెద్దకార్యానికి ఫొటో పెద్దది చేయించాలని వరహాలమ్మ తమ్ముడు సూరిబాబు పెళ్లిఫొటో దింపాడు. స్టూడియోవాడు అద్దం లేకుండా అసలు ఫొటోనే తెమ్మన్నాడట. సూరిబాబు మేకులు లాగి, అద్దం పక్కన పెట్టి, మమ్మల్నిద్దర్నీ కలిపే బయటికి తీశాడు. అబ్బులు పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు. నా వీపు మీద రబ్బరుముద్ర ఉంది. వడ్రంగిపిట్ట.

"ఆగు సూరిబాబూ. ఇలాగియ్యి."

"స్టూడియోవాడు మధ్యాన్నం దాటితే కట్టేత్తాడు బావా."

"రేపిత్తానులే."

"రేపేంటి బావా? ఎల్లుండి గదా కార్యం. వాడికో రోజు పడతది."

"ఇత్తానన్నాను గదరా."

ఒక్క పూట ఆగితే సరిపోయేది. స్టూడియోవాడు ముందు ఆమె ముఖానికి కాపీ తీసుకునేవాడు. తరవాత నన్ను ఉడకబెట్టుకున్నా అడిగేవాడు లేడు. కాని అబ్బులుకి ఒక భయం పట్టుకుంది. నేను గడప దాటితే ఎవరి కంటైనా పడతాను. మా నాన్న కొట్లోది, నాకే రావాలి అని సూరిబాబు అంటాడు. ఆ భయంతో నన్ను చేతిలోంచి వదల్లేదు.

సూరిబాబు వెళ్లగానే తలుపేశాడు. వరహాలమ్మ అన్నం వండే గిన్నెలో నీళ్లు మరిగించాడు. ఆవిరి మీద చీటీలు ఊడదియ్యడంలో చెయ్యి తిరిగినవాడు. కాని అది మామూలు జిగురు కాదు. ఆవిడ పూసిన జిగురు. ఎంతకీ వదల్లేదు. ఆయన గిన్నెకి ఇంకా దగ్గరగా పెట్టాడు. ఫొటో మీది పూత మెత్తబడి జారడం మొదలెట్టింది. కంగారుగా బొటనవేలితో అదిమాడు. ఆ వేలు సరిగ్గా ఆమె ముఖం మీద పడింది. కళ్లూ, ముక్కూ, బాసికమూ కలిసి వేలి కిందనించి పక్కకి జరిగిపోయాయి. పక్కనున్న పెళ్లికొడుకు చెక్కుచెదరలేదు.

అప్పుడు ఒక్క లాగు లాగాడు. విడిపోయాం.

నా ముఖం తెరుచుకోగానే నేను మొదట చూసింది ఆయన కళ్లే. ఎడంచేతిలో భార్య ఫొటో ఉంది, నీళ్లు కారుతూ. కుడిచేతిలో నేను. ఆయన ఎటు చూస్తాడా అని చూశాను. నా వైపే చూశాడు. నవ్వాడు కూడా. చాలాసేపటికి గాని రెండో చేతిలో ఏముందో గుర్తుకు రాలేదు.

"చెదలు పట్టేసిందిరా," అని చెప్పాడు సూరిబాబుకి. సూరిబాబు ఆధార్ కార్డు తీసుకెళ్లాడు. అందులో ఆమె కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. దాన్నే తలుపంత చేసి దండ వేశారు.

"ఇదెవరే?" అంది భోజనాలకొచ్చిన ఒక ముసలమ్మ.

"మన వరాలే పిన్నీ."

"మన వరాలు ఇలాగుండేదా? అయ్యో."

అబ్బులు ఆ పక్కనే తలొంచుకు కూర్చున్నాడు. ఆయన ఏడుస్తున్నాడనుకున్నారు అందరూ. మనుషులు తలొంచినవాడిని తేలిగ్గా నమ్మేస్తారు.

కార్యమైన వారానికి శేషగిరి అనే ఆయన్ని పిలిపించాడు. విజయవాడలో ఇలాంటి కాగితాలే పోగేసే మనిషి. అబ్బులు నన్ను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పరిచాడు. శేషగిరి కళ్లజోడు పెట్టుకుని వంగాడు. తలెత్తాడు. మళ్లీ వంగాడు.

"చాకేదండీ?"

నన్ను లాగినప్పుడు నా రంగు ఒకచోట ఫొటో వీపుకి అంటుకుని పోయింది. సరిగ్గా నడిమధ్య. ఇప్పుడు నాలో ఒక మొగుడు చెయ్యి చాచి ఉన్నాడు, ఒక పెళ్లాం చెయ్యి చాచి ఉంది, మధ్యలో తెల్లటి మచ్చ. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

"చాకు లేని చాకు బొమ్మ ఎవరిక్కావాలండీ? దేని వెనకనించి ఊడదీశారు దీన్ని?"

అబ్బులు నన్ను మళ్లీ పట్టుగుడ్డలో చుట్టబోయాడు. శేషగిరి కాఫీ తాగకుండానే వెళ్లాడు.

ఇప్పుడు ఆ ఫొటోని మళ్లీ అదే మేకుకి తగిలించాడు. పెళ్లికొడుకు ఒక్కడే పీటల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన బొటనవేలి ముద్ర. నా చాకు ఆ ఫొటో వెనకే ఉంది. ఆయనకి తెలుసు, తీసే ధైర్యం లేదు. నన్ను ట్రంకుపెట్టెలో అన్నిటికన్న అడుక్కి వేశాడు. పైన లక్ష్మీదేవి, కుంకుమ తుడిచేసిన ఆవిడ పాదాలు.

అప్పుడప్పుడు మూత తీసి, అన్నీ ఎత్తి, నా వైపు చూస్తాడు. ఎందుకు శుభ్రంగా ఊడలేదు, ఎవరు పూశారు ఇంత జిగురు అని మైలుతుత్తం మరకల్ని గోటితో గీకుతాడు. తన మామగారే పూయించాడనుకుంటున్నాడు. ముసలాయన్ని తిట్టుకుంటాడు. ఆ జిగురు ఎవరు ఉడకేశారో, అన్ని ఏళ్లు పక్కన పడుకుని ఎవరు నోరు మెదపలేదో ఆయనకి తెలీదు. నాకు నోరుంటే చెప్పేదాన్నేమో. అనుకోను.

చూద్దాం అంది ఆవిడ. చూడ్డానికి తను లేదు. నేను చూశాను.